వీపు మీద సొరబుర్ర

ఆమె పోయిందన్న కబురు రాగానే ఆర్మూరు పసుపు మార్కెట్టు వేలంపాట ఆపేసింది. దళారులంతా తువ్వాళ్ళు తీసి కళ్ళొత్తుకున్నారు. లారీవాళ్ళు ఇంజన్లు బందు పెట్టి కిందికి దిగారు.

పై మూడు వాక్యాలు రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. పాట ఒక్క క్షణం కూడా ఆగలేదు. బస్తా దించుతూ ఒక హమాలీ, "కొమ్ములేరే అక్క సచ్చిపోయిందట," అన్నాడు. ఇంకొకడు, "ఎవరు, పోరిని తాడుతోని కట్టేస్తుండె, గామెనా?" అన్నాడు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. అంతే జరిగింది. బతుకంతా పసుపు దలాలీ చేసినవాణ్ణి. పుచ్చిన కొమ్మును అరచేతిలో పెట్టి బంగారమని చెప్పిన నోరు నాది. కాబట్టి ఎక్కడన్నా ఎక్కువ చేస్తే నేనే ఆగి దించుకుంటాను. మీరు ఫికరు పడకండి.

ఆమె పని చేసింది కమీషన్ మీద సరుకు అమ్మే అడ్తి దుకాణం ముందున్న రేకుల షెడ్డు కింద. నడుమెత్తు అరుగు, దాని మీద పసుపు కుప్పలు. లారీలు వెనక్కి వచ్చి ఆ అరుగుకే ఆనుకుంటాయి. కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి దుంపలు ఒక పక్కకు ఏరడం ఆమె పని. చేతులు వాటంతట అవే ఏరుతుండేవి. కళ్ళు మాత్రం ఎప్పుడూ అరుగు అంచు మీదే ఉండేవి. ఏ వస్తువు కింద పెట్టినా దాని మీద అరచెయ్యి కాసేపు ఆనించి, అది కదలదని నమ్మకం కుదిరాక చెయ్యి తీసేది. చాయ్ గ్లాసైనా అంతే, తట్టైనా అంతే. ఆమె ఉన్న గదిలో నేల మీద ఏదీ ఉండేది కాదు. మూటలు, గిన్నెలు, చెప్పులతో సహా అన్నీ గోడ మేకులకు వేలాడుతుండేవి.

నా కన్నా రెండు మూడేళ్ళు చిన్నదే అయినా నన్ను తమ్మీ అని పిలిచేది. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి. ఒకసారి వయసు లెక్క చెప్పబోతే, "తమ్మీ, నీ మాటలు కాంటల ఏస్తే కాంటనే పైకి లేస్తది. నీకు అన్న అనే పిలుపు ఎక్కువైతది," అంది. కోపమొస్తే మాట ఆపేసి కుళ్ళిన దుంప ఒకటి తీసి గురి చూసి విసిరేది. అది నా భుజానికి చాలాసార్లే తగిలింది.

ఆమె కూతురు కాన్పయిన కొన్నాళ్ళకే పచ్చకామెర్లతో పోయింది. అల్లుడు దుబాయి వెళ్ళాడు. చంటిది ఈమె ఒడిలో పడింది. అది పాకడం మొదలుపెట్టిన రోజు తాడు వచ్చింది. మెత్తటి పాత బట్ట పేని చేసిన తాడు. ఒక కొస షెడ్డు స్తంభానికి, ఇంకో కొస పిల్ల నడుముకి. ముడి మాత్రం వీపు వైపు, పిల్ల చేతికి అందని చోట. ఆ ముడి పక్కనే, వీపు మీద, ఎండిన సొరబుర్ర ఒకటి చెంబంతది. పిల్ల అరుగు అంచు దాకా పోగలదు, తొంగి చూడగలదు, అంతకు మించి ఒక్క జానెడు కూడా పోలేదు. పిల్ల పెరిగే కొద్దీ తాడు మారేది, ఆ కొలత మారేది కాదు.

హమాలీలు ఊరుకుంటారా? "మేకపిల్లకు గడ్డేసినవా అక్కా?" అని అడిగేవాళ్ళు.

"ఏసిన. ఇంక మిగిలింది. నువ్ తింటవా?" అనేది తల ఎత్తకుండా.

నేనొకసారి నెమ్మదిగా అడిగాను, ఎందుకు కడతావని.

"మా అమ్మ నన్ను కట్టింది. మా అమ్మను మా అవ్వ కట్టింది. కట్టకపోతే పిల్లలు ఉండరు."

"ఉండక ఏడికి పోతరు?"

"ఏమో. ఉండరు. గంతే."

"మరి గీ బుర్ర?"

"దిష్టికి."

వాళ్ళ అవ్వ గోదావరి జిల్లా మనిషట. నిజాంసాగర్ కాలువ కింద భూములు కొన్న ఆ వైపు రైతులతో పాటు కూలికి వచ్చింది. విజ్జేశ్వరం లాకులు దాటాక పడవ మీదే పుట్టానని చెప్పుకునేదట. లాకులంటే ఏమిటో ఈమెకు తెలియదు. పడవ కూడా చూడలేదు. తన పెద్దల గురించి ఆమె దగ్గరున్నది ఆ ఒక్క ముక్కే. అదీ ఎవరికీ చెప్పేది కాదు, అడిగేవాళ్ళూ లేరు.

ఎనభైల చివర్లో ఒక ఏడు, మాఘమాసంలో, పసుపు ముమ్మరంగా వస్తున్న రోజుల్లో, కమ్మర్‌పల్లి నుంచి ఆమె వియ్యపురాలు బండి మీద పసుపేసుకుని వచ్చింది. మనవరాలిని చూద్దామని చేతిలో బొంగు పేలాల ఉండతో షెడ్డు కిందికి వచ్చి, స్తంభం దగ్గర ఆగిపోయింది. ఉండ చేతిలోంచి జారి పసుపు కుప్పలో పడింది.

"ఏంది వదినా గిది? గొడ్డునా కట్టేసినవ్?"

"గొడ్డైతె పలుపుతో కడుదు. గిది మెత్తటి తాడు, పట్టుకోని చూడు."

"నా కొడుకు దేశం కాని దేశంల ఎండకు మాడుతుంటె, వాని బిడ్డను గిట్ల గుంజకు కడతవా? నీ బిడ్డ అయితె కడుదువా?"

"నా బిడ్డను గూడ కట్టిన," అంది ఈమె.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వియ్యపురాలి ముఖం మారిపోయింది. "అందుకే అది గట్ల పోయింది," అని, బజారు బజారంతా వినేలా అరవడం మొదలుపెట్టింది. పసుపుతో పాటు వచ్చిన కమ్మర్‌పల్లి పెద్దమనిషి ఒకాయన అక్కడే ఉన్నాడు. తెల్ల మీసాల మనిషి, తొందరపడే రకం కాదు. ఆయన వచ్చి బస్తా మీద కూర్చున్నాడు. అది పంచాయితీ అయ్యింది. పిల్లను అప్పుడే బండెక్కించాలని వియ్యపురాలి పట్టు. ఈమె ఒక చేత్తో తాడు పట్టుకుని నిలబడింది, అంతే.

నాకు మాట ఆగదు కదా. మధ్యలో దూరాను.

"పటేలా, మీకు తెల్వదు. గిది ఈ అక్క వంశాచారం. గోదావరి కాలువల మీద ఈమె తాతలకు నలభై పడవలుండె. జమీందారులు గూడ లేచి దండం పెడుదురు. గట్లాంటి ఇంట్ల పుట్టిన పిల్లలను నడుముకు పట్టుతాడు కట్టి పెంచుతరు."

నలభై ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలియదు. నోటికి నిండుగా ఉందని అన్నాను.

పెద్దమనిషి నన్ను కాసేపు చూశాడు. "మంచిది. వంశాచారమైతె మేం కాదనం. ఆ వంశపోళ్ళను ఒక్కరిని తోలుకరా. లేకుంటె ఎందుకు కడతరో కారణం తెలుసుకోని రా. వచ్చే ఆయితారం దాక ఆగుత. అప్పటికి ఏం లేకపోతె పిల్ల కమ్మర్‌పల్లికి వస్తది, మళ్ళ ఇటు రాదు." వియ్యపురాలు ఒప్పుకోక తప్పలేదు.

బండ్లు కదిలిపోయాక ఈమె నా వైపు తిరిగింది. దుంప విసురుతుందని భుజం వంచాను. విసరలేదు.

"నలభై పడవలా తమ్మీ? ఒక్కటి చూపియ్యి చాలు."

మర్నాడే బయల్దేరాం. బస్సులో నిజామాబాదు, అక్కడి నుంచి రైళ్ళు. పెట్టెలో జనమంతా పిల్ల నడుము తాడునీ, బుర్రనీ, నన్నూ మార్చి మార్చి చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టైంది. బతిమిలాడి తాడు విప్పించాను. తాడూ బుర్రా సంచిలో పెట్టింది కానీ, దారి పొడుగునా పిల్ల మణికట్టు వదల్లేదు. నిద్రలో కూడా ఆ పిడికిలి సడలలేదు.

విజ్జేశ్వరంలో గోదావరిని చూసి నేను నోరు తెరిచాను. ఆమె చూడలేదు. కాలువ వైపు తిరిగి నిలబడింది. లాకులంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఎత్తు నీళ్ళనూ పల్లపు నీళ్ళనూ వేరు చేసే పెద్ద చెక్క తలుపులు, రెండు తలుపుల మధ్య రాతి గోడల లోతైన తొట్టి, ఆ తొట్టిలో పడవ ఆగి, నీళ్ళతో పాటు పైకో కిందికో పోతుంది. అంటే, పోయేది. మేం వెళ్ళేసరికి లారీలు వచ్చి సరుకు పడవలు దాదాపు మూలనపడ్డాయి. గట్టు మీద బోర్లించిన ఒక పడవ కింద మేకలు పడుకున్నాయి.

కాలువ గట్టు వెంట ఒక్కో లాకు దగ్గరా అడుగుతూ పోయాం. అందరూ మంచిగానే మాట్లాడారు. "పడవ ఎవరిదండీ? సరంగు పేరేంటండీ? బియ్యమా, సున్నమా, ఏ సరుకేసేవోరండీ?" అని అడిగేవారు. సరంగంటే పడవ నడిపించే పెద్ద. ఈమెకు సరంగు తెలియదు, సరుకు తెలియదు. అవ్వ పేరు ఒక్కటి చెప్పేది. అలాంటి పేరు ప్రతి పడవలోనూ ఒకామెకు ఉండేదట. శుక్రవారం వచ్చేసింది. ఆ సాయంత్రం రైలెక్కకపోతే ఆదివారానికి ఆర్మూరు చేరం. ఆమె నడక తగ్గింది.

చివరి లాకు దగ్గర ఒక పెద్దాయన్ని పట్టుకుని నేను అడుగుతున్నాను. ఆమె పిల్లకు పెట్టడానికి అటుకుల మూట విప్పుతోంది. మూట ముడి ఒక చేత్తో రాలేదు. మణికట్టు వదిలింది.

"బుర్రేదే! పిల్ల వీపున బుర్రేదే తల్లీ!"

ఆ కేక గట్టు మీది గుడిసెలోంచి వచ్చింది. తిరిగి చూస్తే పిల్ల లాకు రాతి అంచు మీద ఉంది. కాలి వేళ్ళు అంచు దాటి ఉన్నాయి. అలవాటు ప్రకారం నడుము ముందుకు వంచి తాడు మీద బరువు వేయబోతోంది. తాడు ఆపుతుందని దానికి నమ్మకం. నేను పులిలా ఎగిరి పిల్లను ఒడిసి పట్టుకున్నాను.

లేదు. నేను కదల్లేదు. పట్టుకుంది ఆమె. బోర్లా పడి పిల్ల గౌను వెనక నుంచి దొరకబుచ్చుకుంది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. అటుకులు నీళ్ళలో పడి తేలుతున్నాయి.

గుడిసెలోంచి నడుం వంగిపోయిన ముసలామె గొణుక్కుంటూ వచ్చింది. "నీళ్ళ కాడికి పిల్లని ఉత్త వీపుతో తెత్తారేంటమ్మా? తాడేదీ? బుర్రేదీ?"

ఈమె సంచిలోంచి రెండూ తీసింది. ముసలామె బుర్రను అటూ ఇటూ తిప్పి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసింది. "బెజ్జం మూయలేదేంటే? నీళ్ళెక్కేత్తాయి కదా."

"నీళ్ళెందుకు ఎక్కుతయ్? గది దిష్టికి గద అవ్వా."

ముసలామె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఈమె ముఖంలోకి అలాగే చూసింది. "దిట్టికేంటమ్మా. మునిగిపోకుండా."

అక్కడే రాతి మీద కూర్చుని చెప్పింది. గాలి లేనప్పుడు పడవను గట్టు మీంచి తాడేసి మనుషులే లాగాలి. మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ గట్టు మీద లాగుతుంటే పడవలో పిల్ల ఒక్కతే. తాడు అంచు దాకా పోనిస్తుంది. తాడు తెగితే బుర్ర తేలుతుంది, పిల్ల ఎక్కడుందో కనిపిస్తుంది. వెనకనున్న ముడి పట్టుకుని పైకి లాగేస్తారు. "మా పెద్దోడికి ఒక్క పూట కట్టలేదమ్మా," అని ఆగిపోయింది.

ఆ ముసలామె ఈమెకు వరసకు చిన్నమ్మ అయిందనీ, ఇద్దరూ పట్టుకుని ఏడ్చారనీ నేను మార్కెట్టులో చాలాకాలం చెప్పుకున్నాను. కాలేదు. అవ్వ పేరు చెబితే ముసలామె కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికి, "ఎరగనమ్మా," అంది. మాతో వచ్చి సాక్ష్యం చెప్పమంటే మోకాళ్ళు చూపించింది. ఈమె పెద్దల ఊరు దొరకలేదు, పడవ దొరకలేదు, ఒక్క మనిషీ దొరకలేదు.

రైల్లో పిల్లకు మళ్ళీ తాడు కట్టింది. ఈసారి నేను ఏమీ అనలేదు. నాకు లోపల సంబరంగా ఉంది, కారణం దొరికింది కదా అని. ఆమె కిటికీలోంచి చూస్తూ, "తమ్మీ, పెద్దమనిషికి గీ ముచ్చట చెప్తే పిల్ల పోతది," అంది.

"ఎందుకు పోతది?"

"మన మార్కెట్ల నీళ్ళేడున్నయ్?"

నా సంబరం అక్కడికక్కడే చచ్చింది. నిజమే. నీళ్ళ కోసం కట్టిన తాడని చెప్పడమంటే, చుక్క నీళ్ళు లేని చోట మూడు తరాలుగా ఊరికే కట్టారని ఒప్పుకోవడం. "అయితే మొక్కు అని చెప్దాం," అన్నాను. "కులదేవత పేరు ఒకటి నేను పుట్టిస్త." కాజీపేట దాటేదాకా నేను దేవతకు పేరు వెతుకుతూనే ఉన్నాను.

ఆదివారం మార్కెట్టుకు సెలవు. షెడ్డు కింద కుప్పల మీద పట్టాలు కప్పి ఉన్నాయి. పెద్దమనిషి అదే చోట కూర్చున్నాడు. వియ్యపురాలు కొత్త గౌను తెచ్చింది, పిల్లకు తొడిగి తీసుకుపోవడానికి. దాన్ని మడత విప్పి ఒళ్ళో పరుచుకుంది.

"ఏమాయె?" అన్నాడు పెద్దమనిషి.

నేను గొంతు సవరించుకున్నాను. "పటేలా, మేం పోయేసరికి గట్టు మీద జనం..."

"తమ్మీ, నువ్వాగు," అంది ఆమె. ముందుకు వచ్చి నిలబడింది. "బాపూ, నలభై పడవలు లేవు. ఒక్కటి గూడ మాది కాదు. మావోళ్ళు గట్టు మీంచి పడవలు గుంజిన కూలోళ్ళు. మా వోళ్ళెవ్వరు దొరకలే. గీ బుర్ర దిష్టికని నేననుకున్న, కాదు. పిల్ల నీళ్ళల్ల మునగకుంటందుకు. తాడు గూడ గందుకే."

"ఈడ నీళ్ళేడున్నయమ్మా?"

"లేవు."

నేను కళ్ళు మూసుకున్నాను. వియ్యపురాలు లేచింది. "విన్నరు గద. తప్పని ఆమెనే ఒప్పుకున్నది. ఇగ తియ్యి వదినా తాడు."

ఈమె వంగి ముడి మీద చెయ్యి వేసింది. వేళ్ళు ముడి మీద ఉన్నాయి కానీ కదలడం లేదు. పిల్ల ఇద్దరి ముఖాలూ చూస్తోంది.

"వదినా," అంది ఈమె తల వంచుకునే, "మీ కాడ పసుపు ఉడకబెట్టుడు అయిందా?"

"ఏడ అయింది? ఇంక సగం చేన్లనే ఉన్నది. ఎందుకు?"

"కడాయి ఎంత ఎత్తుంటది?"

కమ్మర్‌పల్లి వైపు చేలల్లో గోతి పొయ్యి తవ్వి దాని మీద కడాయి పెడతారు. అంచు నేలకు మోకాలెత్తున ఉంటుంది. లోపల ఒక మనిషి కూర్చునేంత నీళ్ళు మసులుతుంటాయి.

"మీరు పొయ్యి కాడ ఉంటరు. తక్కినోళ్ళు తవ్వేకాడ ఉంటరు. పోరి ఏడుంటది వదినా? నాకు తెల్వక అడుగుతున్న. దీనికి అంచు దాక ఉరుకుడు అలవాటైంది. తాడు ఆపుతదనుకుంటది. లాకుల కాడ నా కండ్లతో చూసిన."

పసుపు పండే ఊళ్ళలో ఆ కడాయి గురించి ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ నోటితో అనరు. పెద్దమనిషి మీసం మీది చెయ్యి తీసేసి నేల వైపు చూశాడు. వియ్యపురాలు నిలబడే గౌను మడత పెట్టడం మొదలుపెట్టింది. మడత సరిగ్గా రాక విప్పి మళ్ళీ పెట్టింది.

"ఏమంటవ్ మరి?" అన్నాడు పెద్దమనిషి వియ్యపురాలితో.

"ఉడకబెట్టుడు అయినంక తోలియ్యమను," అంది ఆమె, ఎవరి వైపూ చూడకుండా. "ఎండకాలం నా కాడుంటది. తొలకరికి నేనే తెచ్చి దింపుత."

"గట్లనే కానియ్యుండ్రి," అని పెద్దమనిషి లేచాడు. ఆయన బస్సు వేళ అయింది. తీర్పు అంతే.

ఇక్కడ అమ్మమ్మ, బాపమ్మ ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారని రాయాలని నా చెయ్యి లాగుతోంది. ఏడవలేదు. వియ్యపురాలు వెళ్ళబోతూ అరుగు దగ్గర ఆగింది. నన్ను చూసి అటు తిరిగింది. నేను పక్కకు జరిగినట్టు నటించాను, వినపడేంత దూరంలోనే.

"వదినా, మా చేదబాయికి గోడ లేదు," అంది చిన్నగా. "గా ముడి ఎట్లేస్తరో జర నాకు చూపియ్యి."

ఈమె జరిగి అరుగు మీద చోటిచ్చింది. కూర్చున్నాక తాడు కొస ఆమె చేతికిచ్చి, పిల్లను తిప్పి వీపు ఆమె వైపు పెట్టింది.

"గంత బిర్రుగ కాదు. ఫస్టు నాలుగు వేళ్ళు లోపలికి పోనియ్యి. ఆఁ. ఇగ గుంజు."